దసరా వేడుకలో బాణాల స్టాల్: వాలంటీర్లు ఎంతమంది, పని ఏంటి?

రెడింగ్, కార్యక్రమం చూసుకునేవాళ్లు:

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లండ్‌లో, మన రెడింగ్ ఊళ్లో చేసే ఈ దసరా వేడుకలో పిల్లల కోసం బాణాల స్టాల్ పెడదామని పోయిన మీటింగులో అనుకున్నాం కదా. భోజనాల హాలుకు ఆనుకునే స్పోర్ట్స్ హాలు ఉంది, అదీ దొరికింది. ఆరు విల్లులు, ఇద్దరు వాలంటీర్లు సరిపోతారని ఒక లెక్క వేశాం. రాముడి వేషంలో వచ్చే పిల్లలతో బాణం వేయించి ఫోటో తీయాలని కూడా కొందరు అడుగుతున్నారు. అనంతపురంలో మన అన్న అక్కడి ఆర్చరీ క్లబ్‌లో వాలంటీర్‌గా చేస్తున్నారు, అందుకే ఆయన్ను ఈ గ్రూపులో కలిపాం. అన్నా, మీ దగ్గర ఏడాది పొడుగునా వాలంటీర్లు ఏం చేస్తారు? అందులో మాకు పనికొచ్చేది ఏంటి?

అనంతపురం నుంచి:

నమస్తే అందరికీ. ముందు ఆ లెక్కను తిరగేయండప్పా. విల్లులు మూడు చాలు, మనుషులు ఆరుగురు కావాలి. ఎందుకో చెప్పాలంటే మా ఏడాది ఎలా గడుస్తుందో చెప్పాలి. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

స్కూళ్లు తెరిచే జూన్‌తో మా ఏడాది మొదలవుతుంది. కొత్త పిల్లలూ అప్పుడే వస్తారు, గాలీ అప్పుడే వస్తుంది. మృగశిర కార్తె దాటాక అనంతపురం గాలి సంగతి మీకు చెప్పాలా? రామగిరి దగ్గర, కడవకల్లు దగ్గర గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆగస్టు దాకా అదే వరస. చిన్నపిల్లల విల్లు బలం తక్కువ, బాణం మెల్లగా పోతుంది. గాల్లో ఎంతసేపు ఉంటే గాలి దాన్ని అంత పక్కకు నెడుతుంది. అందుకే ఆ మూడు నెలలూ కొత్తవాళ్లను దూరం పంపకుండా దగ్గరి నుంచే వేయిస్తాం. వాలంటీర్లకు ఈ రోజుల్లో పని బాణాలతో కాదు, తాళ్లతో. ఫోమ్ టార్గెట్ వెడల్పుగా, తేలిగ్గా ఉంటుంది, స్టాండుతో సహా గాలికి వెనక్కి పడుతుంది. పడేటప్పుడు అందులో బాణాలుంటే అవి వంగుతాయి, కార్బన్‌వైతే చీలుతాయి. చీలిన కార్బన్ బాణాన్ని మళ్లీ విల్లుకు ఎక్కిస్తే వదిలేటప్పుడు విరిగి చేతిలో గుచ్చుకోవచ్చు. కాబట్టి పొద్దున్నే ముందొచ్చినవాళ్లు మేకులు కొట్టి, ఇసుక మూటలు పెట్టి, తాళ్లు బిగించాలి. ఆ తర్వాత ఒక్కో బాణాన్నీ చెవి దగ్గర పెట్టుకుని కొంచెం వంచి, చిటపటమని ఏమన్నా వినిపిస్తుందేమో చూడాలి. ఇది మా దగ్గర రిటైరైన పెద్దమనిషి ఒకాయన పని. ఆయన ఒక్క బాణం కూడా వేయడు, ఆయన రాకపోతే మాత్రం క్లబ్ తెరవం.

సెప్టెంబరులో వాన. మన జిల్లాకు పడే కాస్త వానలో పెద్ద వాటా అప్పుడే పడుతుంది. మైదానమంతా వయ్యారిభామ మొలుస్తుంది. పొట్టి బాణం గడ్డిలోకి దూరిందంటే మనిషి నిలబడ్డ చోటే ఉన్నా కనపడదు. గ్లౌజులు వేసుకుని ఆ మొక్కల్ని పీకడం (ఒంటికి తగిలితే దద్దుర్లు), పారతో గట్టు చేయడం, టార్పాలిన్లు కప్పడం, పాములు లేవని చూసుకున్నాకే పిల్లల్ని లోపలికి పంపడం ఉంటాయి. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవానికి స్కూళ్లలో ప్రదర్శనలు అడుగుతారు. ఒకటి రెండు ఒప్పుకుంటాం.

దసరాకి ఆయుధపూజ. ఇక్కడ ఒక్క మాట, మీరూ పూజ పెట్టుకుంటారు కాబట్టి చెప్తున్నా. కుంకుమబొట్టు విల్లు పిడి మీద పెట్టండి, తాడు మీద పెట్టొద్దు. పసుపు నీళ్లు కూడా తాడుకు తగలనీయొద్దు. తాడుకు కావాల్సింది మైనం.

నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం, స్కూల్ గేమ్స్ సెలెక్షన్లు, పోటీలు అన్నీ అప్పుడే. రికర్వ్ (కొనలు ముందుకు వంగిన విల్లు) పెద్దవాళ్లకు 70 మీటర్లు, కాంపౌండ్‌కు (కొనల్లో చిన్న చక్రాలున్న విల్లు) 50, చెక్క విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్‌కు 50, 30. మైదానంలో ముగ్గుపిండితో గీతలు గీసేది, టేపు పట్టేది, స్కోరు రాసేది అంతా వాలంటీర్లే. బాణం రెండు రింగుల మధ్య గీతను తాకితే ఎక్కువ పాయింటు ఇవ్వాలి. తాకిందా లేదా అన్నది బాణాన్ని ముట్టుకోకముందే తేల్చాలి. పిల్లవాడి తండ్రి పక్కనే నిలబడి ఉన్నప్పుడు ఇది తేల్చడం కోర్టు పనంత కష్టం. ఫిబ్రవరి, మార్చి పరీక్షలు. క్లబ్ ఖాళీ, రిపేర్లు చూసుకుంటాం. గడ్డి టార్గెట్లు కూడా అప్పుడే కట్టుకుంటాం. మన దగ్గర వేరుశనగ కట్టె ఎంత కావాలన్నా ఉంటుంది, దీనికి పనికిరాదు. కణేకల్లు వైపు నుంచి వరిగడ్డి తెప్పించుకోవాల్సిందే.

ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంపు. మీ స్టాల్‌కు అసలైన పోలిక ఇదే. ఎండకు భయపడి పొద్దున ఆరుకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ఆపేస్తాం. కారులో వదిలేసిన విల్లు రెక్కలు ఎండవేడికి మెలితిరిగిపోతాయి, పిల్లల మాట వేరే చెప్పాలా. ఆ రెండున్నర గంటల్లో ఎప్పుడూ విల్లు పట్టని పిల్లలు పెద్ద గుంపుగా వస్తారు. వాళ్ల వెనకే అమ్మలు, నాన్నలు, తాతలు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. అప్పుడు అర్థమవుతుంది, మనిషి లేని విల్లును బయట పెట్టకూడదని. ఒక విల్లుకు ఒక మనిషి, కచ్చితంగా. వాళ్లు ముగ్గురు. నాలుగో మనిషి విజిల్ పట్టుకుంటాడు, ఇంకే పనీ చేయడు. ఫోటో తీయడు, ఎవరికీ దారి చెప్పడు, కాఫీ తాగడు. అయిదో మనిషి క్యూ దగ్గర తాడు పట్టుకుని ఉంటాడు. ఆరో మనిషి పని ఆర్మ్‌గార్డులు (తాడు తగలకుండా ముంజేతికి వేసేవి) కట్టడం, బాణాలు చూడటం.

విజిల్ మర్యాద ప్రపంచమంతా ఒకటే, మీరూ అదే పెట్టండి. రెండు సార్లు ఊదితే గీత మీదికి రావచ్చు. ఒక్కసారి ఊదితే వేయొచ్చు. మూడు సార్లు ఊదితే బాణాలు తెచ్చుకోవచ్చు. అయిదు, అంతకంటే ఎక్కువసార్లు వరసగా మోగితే ఎక్కడివాళ్లక్కడ ఆగి విల్లు దించాలి. వేసే గీతకు అయిదు మీటర్లు వెనక ఇంకో గీత, తమ వంతు రాని పిల్లలు దాని వెనకే. టార్గెట్ దగ్గరికి నడిచే పోవాలి, పరుగు లేదు. టార్గెట్ వైపు పరుగెత్తే పిల్లవాడికి ఎదురుగా ఉండేవి బాణాల వెనక కొనలు, సరిగ్గా కళ్ల ఎత్తులో. బాణం తీసేటప్పుడు ఒక చెయ్యి కాగితం మీద ఆనించి, ఇంకో చేత్తో వచ్చిన దారినే వెనక్కి లాగాలి. లాగేవాళ్ల వెనక ఎవరూ నిలబడకూడదు. బాణం లేకుండా తాడు లాగి వదలనీయొద్దు, విల్లు విరుగుతుంది. పిల్లలకు ఇదే భలే ఇష్టం.

రెడింగ్, పిల్లల విభాగం:

అన్నా, వేషాల సంగతి చెప్పలేదు. రాముడి వేషంలో వచ్చే పిల్లలే ఎక్కువ. వాళ్లను బాణం వేయొద్దంటే ఆ అమ్మలకు నేను సమాధానం చెప్పలేను. ఇంకోటి, ఇద్దరు వాలంటీర్లే దొరకడం కష్టంగా ఉంది, ఆరుగురంటే టెన్షన్ వస్తోంది.

అనంతపురం నుంచి:

అక్కా, వేషంతో ఫోటో దిగనివ్వండి, బాణం వేయనివ్వకండి. రెండూ వేర్వేరు చోట్ల పెట్టండి. ఫోటో దగ్గర అట్టతో చేసిన విల్లు పెట్టండి, మెరుపు కాగితం అంటించినదైనా సరే. అసలు విల్లు తాడు వదిలినప్పుడు గదవ పక్క నుంచి, ఛాతీ పక్క నుంచి, ముంజేతిని రాసుకుంటూ పోతుంది. ఆ దారిలో దండ ఉన్నా, చున్నీ ఉన్నా, పొడుగు జడ ముందుకు పడి ఉన్నా, జుంకాలున్నా పట్టుకుంటుంది. గాజులుంటే తాడు వాటికి తగిలి పగులుతాయి. పట్టులంగా పిల్లల చేత గాజులు తీయించి, జడ వెనక్కి వేయించి, చున్నీ నడుముకు గట్టిగా కట్టించాకే గీత మీదికి పంపాలి. ఈ పని క్యూ దగ్గర మనిషిదే. పిల్లల ఏ కన్ను బలమైనదో కూడా అక్కడే చూసుకుంటే లోపల టైమ్ మిగులుతుంది. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి దాంట్లోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూడమనండి, ఒక్కో కన్నూ మూయించండి. ఏ కన్ను తెరిచి ఉంటే గడియారం కనపడుతుందో ఆ వైపు చేత్తో తాడు లాగించాలి.

మనుషుల సంగతి. ఆరుగురూ విలువిద్య తెలిసినవాళ్లు కానక్కర్లేదు, మా పెద్దాయన గురించి చెప్పాను కదా. తెలిసినవాళ్లను అక్కడే వెతకండి. ఇంగ్లండ్‌లో ఆర్చరీ జీబీ (బ్రిటన్ విలువిద్య సంఘం) కింద ఊరూరా క్లబ్బులున్నాయి. కొత్తవాళ్లతో బాణం వేయించే ‘హ్యావ్ ఎ గో’ కార్యక్రమాలు వాళ్లే నడుపుతారు, వాళ్ల పనిముట్లు, వాళ్ల శిక్షకులు, వాళ్ల ఇన్సూరెన్స్. మీరు విల్లులు కొనొద్దు. మీ దగ్గరి క్లబ్‌ను ఇప్పుడే అడగండి, అక్టోబరుకు వాళ్లు చాలావరకు హాళ్లలోకి మారే టైము. హాలుకు వెనక వల ఉందా, టార్గెట్ పక్కగా తలుపు ఏమన్నా తెరుచుకుంటుందా, వాళ్లే వచ్చి చూసి చెప్తారు. బయట పచ్చికలో పెడదామని ఎవరన్నా అంటే మాత్రం వినొద్దు. అక్టోబరులో మీ వాన, మీ చీకటి మీకు తెలిసినవే.

ఇంకో లెక్క. ఒక జట్టుకు ముగ్గురు పిల్లలు, పది నిమిషాలు. గంటకు పద్దెనిమిది మంది, రెండు గంటలకు ముప్పై ఆరు మంది. అంతకంటే ఎక్కువ టోకెన్లు ఇవ్వకండి. మిగతా పిల్లలకు గోడ మీద ఏదన్నా చూడటానికి పెట్టండి. హాంగ్‌జౌలో 2023 ఆసియా క్రీడల్లో మూడు బంగారాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ ఫోటో, 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్ ఫోటో, అదే ఏడాది పారాలింపిక్స్‌లో కాలితో విల్లు పట్టి కాంస్యం గెలిచిన శీతల్ దేవి ఫోటో. మొదటి ఇద్దరిదీ విజయవాడ. సీమవాళ్లు ఎవరూ లేరా అని ఎవరన్నా గొణిగితే, మా క్యాంపు పిల్లల్ని చూసి ఇంకొన్నాళ్లు ఆగమనండి.

రెడింగ్, కర్నూలు అమ్మాయి:

సీమవాళ్లు లేకేం అన్నా? మా నల్లమల చెంచులను మర్చిపోతే ఎట్లా. అహోబిలంలో సంక్రాంతప్పుడు నరసింహస్వామి పారువేట ఉత్సవం మొదలయ్యేది చెంచులు స్వామి పల్లకీ మీదికి బాణం వేశాకే. చెంచులక్ష్మి పుట్టింటివాళ్లు కాబట్టి వాళ్లకు ఆ హక్కు. ఆ కథతో నేనొక బోర్డు చేస్తాను.

అనంతపురం నుంచి:

తప్పకుండా చెయ్యమ్మా. ఒక్కటే చూసుకో, పిల్లలకు ఈకలు కట్టి మొహాలకు రంగులు పూసి ‘చెంచు వేషం’ అని మాత్రం పెట్టొద్దు. వాళ్లు ఇవాళ్టికీ అడవిలో ఉన్న మనుషులు.

రెడింగ్, లెక్కలు చూసేవాళ్లు:

స్టాల్‌కు టోకెన్ డబ్బులు పెడితే, మిగిలింది అనంతపురం క్లబ్‌కు పంపాలని కమిటీలో అందరి మాట. ఖాతా నంబరు ఇవ్వండి అన్నా.

అనంతపురం నుంచి:

మనసుకు సంతోషం, కానీ వద్దు. విదేశంలో రిజిస్టరైన సంఘం ఖాతా నుంచి ఇక్కడి క్లబ్‌కు డబ్బొస్తే అది విదేశీ విరాళం. అది తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ మా చిన్న క్లబ్‌కు లేదు. సూట్‌కేసులో విల్లులు తెచ్చి క్లబ్‌కు ఇచ్చినా చట్టం దాన్ని విరాళంగానే చూస్తుంది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డున్నా, వస్తుంది. ఎవరన్నా సొంతంగా పంపాలనుకుంటే మా ఆడిటరుతో మాట్లాడించాకే ఖాతా నంబరు ఇస్తాను. టోకెన్ డబ్బులు అక్కడి క్లబ్‌కే ఇవ్వండి, పనిముట్లు వాళ్లవి కదా.

మాకు డబ్బుకంటే మనుషులు తక్కువ. డిసెంబరు సెలవులకు ఊరికొచ్చేవాళ్లు ఒక ఉదయం స్కోరింగ్‌కు నిలబడండి. గీతను తాకిన బాణం గురించి తండ్రులతో వాదించడానికి లండన్ నుంచి వచ్చిన అంపైర్ అంటే కొంచెం భయపడతారేమో.

రెడింగ్, కార్యక్రమం చూసుకునేవాళ్లు:

సరే అన్నా, ఇలా తేల్చాం. మూడు విల్లులు, ఆరుగురు మనుషులు, ముప్పై ఆరు టోకెన్లు. వేషాలకు అట్ట విల్లు, స్టేజీ పక్కన. దగ్గరి ఆర్చరీ క్లబ్‌కు ఇవాళే మెయిల్ పెడుతున్నాం. వాళ్లు కుదరదంటే ఈ ఏడాదికి స్టాల్ లేదు, సొంతంగా పెట్టం. విజిల్ పట్టుకోవడానికి ఎవరు ముందుకొస్తారో ఇక్కడే రాయండి. గుర్తుంది కదా, ఆ రెండు గంటలూ కాఫీ ఉండదు.

రెడింగ్, వంటల బాధ్యత:

నేను వస్తాను, నాకు కాఫీ అలవాటు లేదు. కాకపోతే ఉగ్గాని, బజ్జీ కౌంటరు ఆ స్పోర్ట్స్ హాలు తలుపు దగ్గర పెట్టాం, దాన్ని అవతలి గోడకు మార్చండి. నూనె చేతులతో వచ్చి పిల్లలు విల్లు పట్టుకుంటారు.