అప్‌డేట్: నీళ్లు కారడం ఆగింది, కారు అమ్మలేదు

నెల్లూరులో నా సెకండ్‌హ్యాండ్ శాన్ స్టార్మ్ (మడిచే గుడ్డ టాప్ ఉన్న చిన్న కారు) లోపలికి వాన నీళ్లు కారుతున్నాయి, ఏడేళ్లు వాడిన కారు అమ్మేయాలా అని కిందటేడు అడిగాను. అమ్మలేదు. ముందు రబ్బర్లు చూడమని అప్పుడు ఒక అన్న చెప్పిన మాటే నిజమైంది. టాప్ గుడ్డ బాగానే ఉంది, అద్దాల పక్క రబ్బరు ఎండకు గట్టిపడి పగిలింది. మార్పించి, సిలికాన్ గ్రీజు రాస్తున్నాను. మామూలు గ్రీజు రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది. కార్తీకం వానల్లో రాత్రంతా బయటే ఉంచాను. పొద్దున మ్యాట్లు తడిమి చూస్తే పొడిగా ఉన్నాయి, ఎంత సంతోషమేసిందో! తడి టాప్ మాత్రం మడవకూడదు, బూజు పడుతుంది.

బాడీ ఫైబర్‌గ్లాస్, తుప్పు పట్టదు. కింద ఛాసీ (బాడీని మోసే చట్రం) ఉక్కుది. అందుకే మైపాడు బీచ్ నుంచి రాగానే కిందంతా మంచినీళ్లతో కడుగుతున్నాను.