రోమా 13తో పాటు ఏ వాక్యభాగాలు చదివించాలి?

అందరికీ వందనాలు. ‘మంచి పాలన, నమ్మకమైన పౌరుడు’ అంశంపై సంఘ యువతకు నాలుగు వారాల బైబిలు అధ్యయనం సిద్ధమవుతోంది. వారానికి 45 నిమిషాలు. క్రమం విషయంలో సలహా కావాలి.

‘పై అధికారులకు లోబడాలి’ అనే రోమా 13:1 ఒక్కటే చదివితే పాలకుడు ఏం చెప్పినా చేయాల్సిందే అనిపిస్తుంది. ‘మనుష్యులకు కాదు, దేవునికే లోబడాలి’ అనే అపొస్తలుల కార్యములు 5:29 ఒక్కటే పట్టుకుంటే నచ్చని ప్రతి చట్టాన్నీ కాదనవచ్చు అనిపిస్తుంది. రెండూ తప్పుదారులే. అందుకే రోమా 12:17 నుంచి 13:10 వరకు ఆపకుండా చదివించాలని ఆలోచన. పగ తీర్చుకోవద్దని విశ్వాసికి చెప్పిన పౌలు, కీడు చేసేవాణ్ణి శిక్షించే పని అధికారికి అప్పగిస్తాడు. అధ్యాయ విభజన తర్వాతి కాలంలో చేర్చింది కాబట్టి ఆ లింకు చాలామందికి కనబడదు.

అయితే మొదటి వారం ద్వితీయోపదేశకాండము 17:14-20తో మొదలుపెట్టడం మేలా? అక్కడ రాజుకే హద్దులున్నాయి: గుర్రాలు, భార్యలు, వెండి బంగారాలు విస్తారంగా కూడబెట్టకూడదు. ధర్మశాస్త్రానికి ప్రతి రాసుకుని బ్రతికినన్నాళ్లూ చదువుకోవాలి. పాలకుడూ చట్టం కిందే అన్నది ముందే నాటుకుంటే రోమా 13 సరిగ్గా అర్థమవుతుందని నా నమ్మకం.

అసలు చిక్కు మూడో వారంలో. నిర్గమకాండము 1లో మగశిశువులను చంపమన్న ఫరో మాట వినని మంత్రసానులు, దానియేలు 6లో ప్రార్థన మానని దానియేలు రాజాజ్ఞను ధిక్కరించినవారు. అపొస్తలుల కార్యములు 16:37లో, 25:11లో పౌలు మాత్రం తన రోమా పౌరహక్కునే వాడుకున్నాడు. ఈ రెండు మార్గాల మధ్య తేడాను ఏ ప్రశ్నలతో చర్చకు పెట్టాలి? పార్టీల వాదనలోకి జారకుండా నడిపినవారు దయచేసి చెప్పండి.