విషయం: జర్మనీలో ప్రొఫెసర్‌గారిని ఏమని పిలవాలి?

కొత్త సభ్యురాలు, వరంగల్:

పెద్దలందరికీ నమస్కారం. అక్టోబరులో మొదలయ్యే శీతాకాలపు సెమిస్టరుకు ఆఖెన్‌లో మెకానికల్ మాస్టర్స్‌లో సీటు వచ్చింది. వచ్చీ రాగానే హీవీ (ప్రొఫెసర్ దగ్గర విద్యార్థి సహాయకురాలి) ఉద్యోగం దొరికితే ఖర్చులకు ఆసరాగా ఉంటుందని, ఒక మహిళా ప్రొఫెసర్‌గారికి మెయిల్ రాయాలనుకుంటున్నాను. వారి పేజీలో పేరుకు ముందు "యూనివ్. ప్రొఫ్. డాక్టర్ ఇంగ్." అని వరుసగా ఉంది. అదంతా రాయాలా, లేక బి.టెక్.లో అలవాటైనట్టు "రెస్పెక్టెడ్ మేడమ్" అంటే సరిపోతుందా? తరగతిలో సందేహం అడిగేటప్పుడు ఏమని పిలవాలో కూడా దయచేసి చెప్పగలరు.

డ్రెస్డెన్ నుంచి:

చెల్లెమ్మా, శుభాకాంక్షలు. నీ కోర్సు ఇంగ్లీషులో ఉంటే మెయిల్ ఇంగ్లీషులోనే రాయవచ్చు. "డియర్ ప్రొఫెసర్" అని రాసి, పక్కనే వారి ఇంటిపేరు రాయి. జర్మన్‌లో రాసే ధైర్యం ఉంటే "జేర్ గెఏర్టె ఫ్రౌ ప్రొఫెసోరిన్" అని మొదలుపెట్టి ఇంటిపేరు చేర్చు. స్త్రీల పేరుకు ముందు వచ్చే గౌరవపదం "ఫ్రౌ", పురుషులకు "హెర్". ఆ పొడుగు వరుస తలుపు మీది బోర్డుకూ, కవరు మీది చిరునామాకూ సంబంధించినది. పలకరింపులో ఉన్నవాటిలో పెద్ద హోదా ఒక్కటి చెబితే చాలు. ప్రొఫెసర్ అన్నాక మళ్లీ డాక్టర్ అనక్కర్లేదు.

మా విభాగంలో విద్యార్థుల దరఖాస్తులు మొదట నా కంటనే పడతాయి కాబట్టి లోపలి సంగతి చెబుతున్నాను. మా ప్రొఫెసర్ కూడా స్త్రీయే. ఆవిడకు "రెస్పెక్టెడ్ సర్" అంటూ వచ్చే ఉత్తరాలకు లెక్కలేదు. అది చూడగానే ఒకే ఉత్తరాన్ని పాతికమందికి పంపారనీ, పేజీలో ఫొటో అయినా చూడలేదనీ తెలిసిపోతుంది, ఇక మార్కుల జాబితా తెరవాలన్న ఆసక్తి ఎవరికీ ఉండదు. "మేడమ్" అంత ఘోరం కాదు గాని, పేరు లేని గౌరవాన్ని ఇక్కడివాళ్లు గౌరవంగా లెక్కవేయరు. ఇంటిపేరును అక్షరం పొల్లుపోకుండా, పైన చుక్కలుంటే చుక్కలతో సహా రాయడమే వీళ్ల దృష్టిలో మర్యాద.

లుండ్ నుంచి:

అంత హైరానా ఎందుకండీ? మా స్వీడన్‌లో మొదటిరోజే ప్రొఫెసర్‌ను పేరుపెట్టి పిలుస్తాం, బడిపిల్లలు కూడా టీచర్లను అలాగే పిలుస్తారు. ఒకప్పుడు ఇక్కడా హోదాల గొడవ ఉండేది. ఎదుటి మనిషిని నేరుగా "మీరు" అనలేక, "ప్రొఫెసర్‌గారు కాఫీ తీసుకుంటారా" అని ఆయన మొహం మీదే పరోక్షంగా అడిగేవారట. 1967లో వైద్య శాఖకు అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెద్ తన ఉద్యోగులందరినీ పేరుపెట్టి "డూ" (నువ్వు) అనే పిలుస్తానని ప్రకటించాక, అప్పటికే కదలిక మొదలైన ఆ మార్పు దేశమంతా పాకింది. కనుక అమ్మాయిగారు నిస్సంకోచంగా పేరుతోనే రాయవచ్చు. యూరప్ అంతా ఇప్పుడు ఇదే పద్ధతి.

హాంబర్గ్ నుంచి:

లుండ్ మిత్రులు యూరప్ అంతటికీ కలిపి తీర్పు ఇచ్చేశారు. స్వీడన్‌లో చెల్లే నాణెం ఆఖెన్‌లో చెల్లదు.

అమ్మా, జర్మన్‌లో "జీ" మన "మీరు" వంటిది, "డూ" మన "నువ్వు" వంటిది. విద్యార్థులు తమలో తాము మొదటిరోజు నుంచే "డూ" అనుకుంటారు. అధ్యాపకుల దగ్గర "జీ" తప్పనిసరి. అయితే మన దగ్గరిలా పెద్దవాళ్లు "నువ్వు", చిన్నవాళ్లు "మీరు" అనే ఏకపక్షపు ఏర్పాటు ఇక్కడ ఉండదు. ఆవిడా నిన్ను "జీ" అనే అంటారు. బడిలో కూడా పదహారేళ్లు వచ్చి పై తరగతులకు చేరిన పిల్లలను చాలామంది ఉపాధ్యాయులు "జీ" అనడం మొదలుపెడతారు. "డూ"కు మారుదామని ప్రతిపాదించే హక్కు పెద్దవారిదే. వారు ప్రతిపాదిస్తే కాదనకు, ప్రతిపాదించకపోతే చదువు పూర్తయ్యేదాకా "జీ" అనే ఉండు. పరిశోధన విభాగాల్లోని కుర్ర పీహెచ్‌డీలు మొదటి వారంలోనే "డూ" అంటారు, వాళ్లను చూసి ప్రొఫెసర్‌తో ఆ చనువు తీసుకోకు.

ఆ మాటకొస్తే ఇక్కడా ఇప్పుడు చాలా సడలింది. పూర్వం విశ్వవిద్యాలయ అధిపతి అయిన రెక్టరును "మాగ్నిఫిట్సెన్స్" అనీ, డీన్‌ను "స్పెక్టాబిలిటేట్" అనీ పిలిచేవారు. లుండ్ మిత్రులు చెప్పిన ఆ 1967లోనే, నవంబరులో, మా హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో కొత్త రెక్టరు పదవీ స్వీకారపు ఊరేగింపుకు ముందు ఇద్దరు విద్యార్థులు, ఆ ఆచార్యుల అంగీల కింద వెయ్యేళ్ల ముక్కిన కంపు ఉందంటూ బ్యానరు పట్టుకొని నడిచారు. ఆ విద్యార్థి ఉద్యమ కాలం తరువాతే ఆ పిలుపులు మెల్లగా మూలపడ్డాయి. "జీ" మాత్రం చెక్కుచెదరలేదు.

వియన్నా నుంచి:

అందరూ పై పైన చెబుతున్నారు. పిలుపులో ఒక్క ముక్క తగ్గితే ఏమవుతుందో అనుభవించినవాణ్ణి నేను.

నా చదువు రోజుల్లో మా ఇంటి యజమాని గిమ్నాజియంలో, అంటే ఇక్కడి ఉన్నత పాఠశాలలో, లాటిన్ చెప్పి రిటైరైన పెద్దమనిషి. ఆస్ట్రియాలో గిమ్నాజియం ఉపాధ్యాయులను కూడా "హెర్ ప్రొఫెసర్", "ఫ్రౌ ప్రొఫెసర్" అనే పిలుస్తారు. నడి చలికాలంలో వేన్నీళ్ల బాయిలర్ చెడిపోతే, "హెర్" అని రాసి ఆయన ఇంటిపేరు చేర్చి, ఎంతో వినయంగా ఉత్తరం పెట్టాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను, మళ్లీ అంతే. మెట్ల మీద ఎదురైతే గోడవైపు చూసుకుంటూ దిగిపోయేవారు. నేను ఎసరుగిన్నెలో నీళ్లు కాచుకొని మగ్గుతో స్నానాలు చేశాను. చివరికి కింది అంతస్తులోని ముసలావిడ నా ఉత్తరం తెప్పించుకొని చదివి, కళ్లజోడు సర్దుకొని, "హెర్" పక్కన ఒక గీత పెట్టి పైన "ప్రొఫెసర్" అని తన పెన్నుతో చేర్చింది. దాన్ని తిరగరాసి డబ్బాలో వేశాక మర్నాడు పొద్దున్నే బాయిలర్ బాగుచేసే మనిషి తలుపు తట్టాడు! ఇల్లు ఖాళీ చేసినప్పుడు మేకు రంధ్రాల పేరు చెప్పి డిపాజిట్‌లో సొమ్ము కోసుకున్నారు. ఆ కోతల చిట్టా మీద మాత్రం నా పేరుకు ముందు "డిప్లోమ్ ఇంజనీర్" అని మర్చిపోకుండా రాశారు. అప్పటికి నా పట్టా సిరా ఆరలేదు.

1919లో ప్రభువుల బిరుదులు రద్దయ్యాక ఈ దేశంలో చదువుల బిరుదులకే గిరాకీ. జర్మనీలోనూ "డాక్టర్" అనేది చట్టప్రకారం పేరులో భాగం, పాస్‌పోర్టులోనే ఉంటుంది. దాన్ని వదిలేసి పిలవడం శిక్షార్హమైన నేరం.

హాంబర్గ్ నుంచి:

వియన్నా అన్నగారి బాయిలర్ మీద సానుభూతి ఉంది గాని, చట్టం మీద లేదు. జర్మనీలో డాక్టర్ పట్టా పేరులో భాగం కాదు. జనన రిజిస్టరులో దాన్ని నమోదు చేయనక్కర్లేదని 2013లో ఫెడరల్ కోర్టు తేల్చింది. పాస్‌పోర్టులో రాయించుకునే వీలుంది, అంతే. శిక్షాస్మృతి 132ఏ ప్రకారం, లేని బిరుదును తగిలించుకోవడమే నేరం. దానికి ఏడాది దాకా జైలు లేదా జరిమానా. ఎదుటివాడి బిరుదు మరిచిపోయినవాణ్ణి ఏ పోలీసూ పట్టుకోడు. తమాషా ఏమంటే, ప్రభు వంశాలవారి ఇంటిపేరుకు ముందుండే "ఫాన్" మాత్రం ఇక్కడ 1919 నాటి వైమార్ రాజ్యాంగం పుణ్యమా అని పేరులో భాగమైపోయింది.

వియన్నా నుంచి:

చట్టంలో లేకపోవచ్చు. నా వేన్నీళ్లు ఆగిపోయాయా లేదా?

కొత్త సభ్యురాలు, వరంగల్:

అందరికీ ధన్యవాదాలు. రాయడం అర్థమైంది గాని, ఎదురుగా నిలబడి ఇంటిపేరు పెట్టి పిలవాలంటే నోరు రాదేమోనని భయంగా ఉంది. మా నాన్నగారు ఇప్పటికీ తన లెక్కల మాస్టారి పేరు పలకరు, "మాస్టారు" అనే అంటారు.

హాంబర్గ్ నుంచి:

మీ నాన్నగారిది సంప్రదాయమేనమ్మా. "ఆత్మనామ గురోర్నామ" అని గురువు పేరును పలకకూడని పేర్ల జాబితాలో చేర్చిన జాతి మనది. మనకు పేరు పలికితే అమర్యాద, వీళ్లకు పలకకపోతే అమర్యాద. "ఫ్రౌ" అన్న మాట ముందుంటే ఇంటిపేరు పలకడం మొరటుతనం కానేకాదు. తరగతిలో చాలామంది ప్రొఫెసర్ అని కూడా అనరు, "ఫ్రౌ" అని ఇంటిపేరు అంటారు. నువ్వు మొదట్లో ప్రొఫెసర్ అనే చెప్పు. వారే వద్దంటే మానెయ్యి.

డ్రెస్డెన్ నుంచి:

ఇంకొక్క సంగతి, చెల్లెమ్మా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో ఇప్పుడే చూసుకో. వాళ్లు నిన్ను "ఫ్రౌ" అని ఆ గడిలోని పేరుతోనే పిలుస్తారు. మనవాళ్లు చాలామంది తరగతిలో తమ ఇంటిపేరు వినబడినా, ఇంకెవరినో అనుకొని పలక్కుండా కూర్చుంటారు. మెయిల్ చివర పేరు పూర్తిగా, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, కింద మెట్రిక్యులేషన్ నంబరు (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి నమోదు సంఖ్య) వెయ్యి. నంబరు ఇంకా రాకపోతే కోర్సు పేరూ, చేరబోయే సెమిస్టరూ రాయి. వారి జవాబు చివర మొదటి పేరు ఒక్కటే ఉంటే నీ తరువాతి మెయిల్‌లో ఆ పేరు వాడవచ్చు. పేరులోని తొలి అక్షరాలు మాత్రమే ఉంటే అది తీరిక లేకపోవడమే గాని చనువు కాదు, "డియర్ ప్రొఫెసర్" అనే కొనసాగించు.