లోన్ డిమాండ్ లెటర్లు: అందరం కలిసి కొట్లాడదామా, ఎవరి గొడవ వాళ్లదా?

మిల్టన్_మూర్తి:
యూకేలో పాత కాంట్రాక్టర్లకు ఈ కథ తెలిసిందే. ఏజెన్సీ ఇచ్చే డే రేట్ ఐల్ ఆఫ్ మ్యాన్‌లోని అంబ్రెల్లాకు (కాంట్రాక్టర్లను తన ఉద్యోగులుగా చూపే కంపెనీ) పోయేది. అందులో కనీస వేతనమంత జీతం, మిగతాది ట్రస్టు నుంచి 'లోన్' పేరుతో మన ఖాతాలో పడేది. తిరిగి కట్టే పనే ఉండదన్నారు. తీరా చూస్తే 2019 ఏప్రిల్ 5 నాటికి తీరని ఇలాంటి అప్పుల మీద హెచ్‌ఎంఆర్‌సీ (యూకే పన్ను శాఖ) లోన్ చార్జ్ అనే పన్ను వేసింది. ఇప్పుడు ట్రస్టీల దగ్గర ఆ లోన్లు కొనుక్కున్న కంపెనీ అసలంతా కట్టమంటోంది. ఒకే స్కీమ్ వాళ్లం 22 మందిమి పోగయ్యాం. తలా 400 పౌండ్లు వేసుకుని ఒక సొలిసిటర్‌ను (లాయరును) పెట్టుకుందామని ఆలోచన. ఏమంటారు?

చిట్టా_ఆవర్జా:
మూర్తి గారూ, 22 అగ్రిమెంట్లూ పక్కపక్కన పెట్టి చదివారా? స్కీమ్ పేరు ఒకటే అయినా కాగితాలు మారుతుండేవి. ఒకదాంట్లో పదేళ్ల గడువు, ఇంకోదాంట్లో 'అడిగినప్పుడు', మరోదాంట్లో గడువు ఊసే ఉండదు. కొన్ని స్కీముల్లో అప్పు పౌండ్లలో కూడా కాదు, విలువ పడిపోయే కరెన్సీలో రాశారు. ఏ దేశపు చట్టం వర్తిస్తుందో చివరి పేజీలో ఒక్క లైను ఉంటుంది. కేసు నిలిచినా కూలినా వీటి మీదే. తలలు లెక్కపెట్టుకుంటే ఒరిగేదేమీ లేదు.

కృష్ణాతీరం:
2010 లోను. ఆరేళ్లు ఎప్పుడో దాటింది, బాకీ చెల్లదు. ఇంత చర్చ ఎందుకు?

చిట్టా_ఆవర్జా:
చాలామంది బోల్తా పడేది ఇక్కడే. దావా వేయడానికి కాలపరిమితి చెప్పే 1980 లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 6 చూడండి. తిరిగి కట్టే తేదీ లేని అప్పుకు ఆరేళ్ల లెక్క డబ్బు ఇచ్చిన రోజు నుంచి కాదు, రాతపూర్వకంగా అడిగిన రోజు నుంచి. నిరుడు లెటర్ వస్తే నిరుడే మొదలైనట్టు. పదేళ్ల గడువు ఉన్న 2010 లోనుకైతే 2020 నుంచి ఆరేళ్లు. డీడ్‌గా (సాక్షి సంతకంతో చేసే లాంఛన పత్రం) రాసి ఉంటే పన్నెండు. అగ్రిమెంట్ ఐల్ ఆఫ్ మ్యాన్ చట్టం కింద ఉంటే కాలపరిమితి కూడా అక్కడి లెక్కే, 1984 ఫారిన్ లిమిటేషన్ పీరియడ్స్ యాక్ట్ అదే చెబుతుంది.

కృష్ణాతీరం:
క్రెడిట్ కార్డుకు ఆరేళ్లే కదా. ఆరేళ్లంటే ఆరేళ్లే.

చిట్టా_ఆవర్జా:
క్రెడిట్ కార్డుకు నెలనెలా కట్టే తేదీ ఉంటుంది. దీనికి లేదు. తేడా అక్కడే.

పద్మ_క్రాయిడన్:
లోన్ చార్జ్ కట్టేశాం కదండీ, ఇంకా అప్పేమిటి?

స్లౌ_సుబ్బు:
పద్మ గారు అడిగిందే అసలు పాయింటు. 2017 జులైలో రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ కేసులో యూకే సుప్రీంకోర్టు ఏమంది? ట్రస్టుకు మళ్లించిన సొమ్ము జీతమేనంది. జీతమైతే అప్పెలా అవుతుంది? ఈ వాదన 22 మందికీ ఒకటే. రెండోది అప్పు చేతులు మారిన క్రమం. ట్రస్టీ నుంచి కొన్నవాడి దాకా ప్రతి అమ్మకానికీ సంతకం ఉన్న కాగితం, మనకు రాతపూర్వక నోటీసు ఉండాలి. 1925 లా ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 136. ఆ కాగితం వెనక షెడ్యూల్‌లో నీ పేరు, నీ మొత్తం ఉన్నాయా అని అడగాలి. ఒక్కడు అడిగితే సగం నల్లరంగు పూసిన పేజీ పంపుతారు. 22 మంది ఒకే సొలిసిటర్ ద్వారా అడిగితే ఒకరికిచ్చిన పేజీ ఇంకొకరి పేజీతో సరిపోతుందో లేదో బయటపడుతుంది. గ్రూపు ఉండాల్సింది అందుకే.

చిట్టా_ఆవర్జా:
కాగితాలు సరిపోల్చడం మంచి మాటే, ఒప్పుకుంటా. కానీ రేంజర్స్ తీర్పు పన్ను గురించి. అప్పు రద్దయిందని అందులో ఎక్కడా లేదు. పద్మ గారూ, లోన్ చార్జ్ ప్రభుత్వానికి కట్టింది, అప్పు ట్రస్టుతో చేసుకున్న ఒప్పందం. ఒకటి కడితే రెండోది పోదు. ఇప్పుడు అప్పు తీర్చినా ఆ చార్జ్ వెనక్కి రాదు.

పద్మ_క్రాయిడన్:
అంటే రెండువైపులా వాతేనన్నమాట.

స్లౌ_సుబ్బు:
ప్రతిదానికీ కాదు, లేదు, కుదరదు. గ్రూపు వద్దనేవాళ్లు చాటుగా సెటిల్ చేసుకుని వచ్చి ఇక్కడ నీతులు చెబుతున్నట్టుంది.

చిట్టా_ఆవర్జా:
ఆ మాట వెనక్కి తీసుకోండి సుబ్బు గారూ. నా భయం ఏంటో సూటిగా చెబుతా. 22 మందిలో తొమ్మిది మంది డిస్కౌంట్‌కు సంతకం పెట్టి, బయటికి చెప్పకూడదన్న షరతుకు ఒప్పుకుని జారుకుంటే మిగతా పదముగ్గురి మీద పడే బిల్లు ఎవరు మోస్తారు? క్లెయిమ్ 10,000 పౌండ్లు దాటితే అది స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల కేసు) కాదు, ఓడినవాడు అవతలివాడి ఖర్చు కూడా కట్టాలి. 400 పౌండ్ల మాట చెప్పారు గానీ దీని గురించి ఎవరూ ఎత్తలేదు.

స్లౌ_సుబ్బు:
సరే, వెనక్కి తీసుకున్నా. కానీ నా భయం కూడా అదే, అటువైపు నుంచి. ఒక్కొక్కరు సెటిల్ అయిన డబ్బుతోనే వాళ్లు మిగతావాళ్ల మీద కేసులు వేస్తారు. అందుకే టెస్ట్ కేసు (అందరి తరఫున ముందు నడిపే ఒకరి కేసు) తేలేదాకా ఎవరూ సెటిల్ కాకూడదని రాసుకోవాలి.

చిట్టా_ఆవర్జా:
అలా కట్టిపడేస్తే నేను సంతకం పెట్టను. ఇంటి మీద మార్ట్‌గేజ్ ఉన్నవాడికి స్టాట్యుటరీ డిమాండ్ (దివాలా పిటిషన్‌కు ముందు పంపే నోటీసు) వస్తే కొట్టేయించడానికి 18 రోజులే, 21 దాటితే దివాలా పిటిషన్. అలాంటివాడిని టెస్ట్ కేసు దాకా ఆగమనడం అన్యాయం. ఖర్చులో ఎవరి వాటా వాళ్లదే, దానికో పరిమితి. సెటిల్ కావాలంటే 14 రోజుల ముందు గ్రూపుకు చెప్పాలి. డబ్బు సొలిసిటర్ క్లయింట్ అకౌంట్‌లోనే ఉండాలి, ఎవరి సొంత ఖాతాలోనూ కాదు.

మియాపూర్_రిటర్న్:
హైదరాబాద్ వచ్చేసి ఎనిమిదేళ్లు. నాకెందుకు ఇదంతా?

చిట్టా_ఆవర్జా:
మీ పాత యూకే అడ్రస్‌కు కాగితాలు వెళ్లి, జవాబు లేక డిఫాల్ట్ జడ్జిమెంట్ వచ్చే ప్రమాదం ఉంది. అది కోర్టు తీర్పుల రిజిస్టర్‌లో ఆరేళ్లు ఉంటుంది. యూకేలో ఇల్లో పెన్షనో ఉంటే అక్కడే పట్టుకుంటారు. ఇండియాలో అమలు అంత తేలిక కాదు. 1,00,000 పౌండ్ల లోపు కేసులు కౌంటీ కోర్టులో వేస్తారు, మన ఇండియా సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ కింద నేరుగా అమలయ్యేది అక్కడి హైకోర్టు డిక్రీ. కౌంటీ కోర్టుదైతే ఇండియాలో కొత్తగా దావా వేయాలి, విచారణ లేకుండా వచ్చిందైతే అదే కోడ్ సెక్షన్ 13 అడ్డుపడుతుంది. అయినా ముందు కొత్త అడ్రస్ చెప్పండి. చెప్పిన మెయిల్‌లో 'అప్పు ఒప్పుకోవడం లేదు' అన్న మాట ఉండాలి. 'నెలకు 50 పౌండ్లు కడతా' లాంటి జాలి మాట రాశారో, కాలపరిమితి ఇంకా నడుస్తుంటే ఆరేళ్లు మళ్లీ మొదటి నుంచి.

మిల్టన్_మూర్తి:
గ్రూపు ఉన్నా లేకపోయినా గడువులు ఆగవు. లెటర్ ఆఫ్ క్లెయిమ్ (కోర్టుకు వెళ్లే ముందు పంపే లెటర్) వస్తే 30 రోజుల్లో రిప్లై ఫారం పంపాలి. అందులో 'డాక్యుమెంట్లు కావాలి' అన్న గడి టిక్ చేస్తే అవి ఇచ్చాక మరో 30 రోజులు ఆగి గానీ కోర్టుకు వెళ్లకూడదు. కోర్టు నుంచే కాగితం వస్తే 14 రోజుల్లో అందిందని చెబితే డిఫెన్స్‌కు 28 రోజులు దొరుకుతాయి. ఒక షీట్ పెడుతున్నా: అగ్రిమెంట్ తేదీ, గడువు షరతు, ఏ చట్టం, అడిగిన మొత్తం, లెటర్ తేదీ.

కృష్ణాతీరం:
ఆరేళ్ల కాలమ్ కూడా పెట్టండి.

స్లౌ_సుబ్బు:
'సెటిల్ అయ్యారా' అన్న కాలమ్ కూడా.

చిట్టా_ఆవర్జా:
పెట్టండి. చాటుగా సంతకం పెట్టినవాడు ఆ గడి నింపడు, నింపితే షరతు తప్పినట్టే. మీరు ఖాళీ గడి చూసి ఇంకా మనవాడే అనుకుంటారు.