హామిల్టన్, జెఫర్సన్‌ల తగవు: సిద్ధాంతమా, గద్దె కోసం పెనుగులాటా?

చరిత్రపిపాసి:
అమెరికా తొలి పార్టీల గురించి ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఒకటే మాట. తొలి ఆర్థికమంత్రి హామిల్టన్ వెంట నడిచిన ఫెడరలిస్టులు బలమైన కేంద్రం కావాలన్నారు, తొలి విదేశాంగ మంత్రి జెఫర్సన్ వెంట నడిచిన రిపబ్లికన్లు (ఇప్పటి రిపబ్లికన్ పార్టీ కాదు) రాష్ట్రాల పక్షం వహించారు. తీరా జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక 1803లో లూసియానా కొన్నాడు, 1807లో అమెరికా ఓడలు విదేశీ రేవులకే వెళ్లకూడదన్నాడు. అటు ఫెడరలిస్టులు 1814 డిసెంబరులో హార్ట్‌ఫర్డ్‌లో సమావేశమై రాష్ట్రాల హక్కులు కాపాడాలన్నారు. గద్దె మీద ఉంటే ఒక మాట, దిగితే ఇంకో మాట. ఇందులో సిద్ధాంతం ఏపాటిది? కాదనేవారు కారణం చెప్పండి.

తుంగభద్ర:
మీరు చెప్పిన సంఘటనలన్నీ నిజమే. వాటి నుంచి తేల్చిన విషయంతోనే నాకు పేచీ. ఈ రెండు పక్షాలూ ఏ భయంతో పుట్టాయో చూడకుండా, చివర్లో చేసిన పనులతో కొలవడం అన్యాయం.

ఇప్పటి రాజ్యాంగానికి ముందున్న 1781 నాటి సమాఖ్య ఒడంబడిక కింద కాంగ్రెస్‌కు పన్ను వేసే హక్కే లేదు. రాష్ట్రాలను అడగాలి, అవి ఇస్తే ఇచ్చినట్టు. యుద్ధపు అప్పులు తీర్చడానికి దిగుమతులపై 5 శాతం సుంకం వేద్దామంటే అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. 1782లో ఒక్క రోడ్ ఐలండ్ కాదనడంతో ఆ ప్రతిపాదన అటకెక్కింది. 1786లో మసాచుసెట్స్ పశ్చిమ ప్రాంతపు రైతులు అప్పులు, పన్నులు భరించలేక కోర్టులను మూయించారు. వారిని అణచడానికి బోస్టన్ వర్తకులు చందాలు వేసుకుని సేనను నిలబెట్టాల్సి వచ్చింది. హామిల్టన్‌ను కలవరపెట్టింది ఈ దుస్థితి. మరోవైపు, ఎక్కడో దూరాన కూర్చుని పన్నులు రుద్దే ప్రభుత్వాన్ని వదిలించుకోవడానికే కదా అంత యుద్ధం చేశారు? జెఫర్సన్ భయం అది. రెండూ ఉత్తుత్తి భయాలు కావు.

ఇక 1791 ఫిబ్రవరి. నన్నడిగితే ఈ కథలో ఆగి చూడాల్సిన చోటు ఇదే. కోటి డాలర్ల మూలధనంతో జాతీయ బ్యాంకు పెట్టే బిల్లును ప్రతినిధుల సభ 39–20 ఓట్లతో ఆమోదించింది. రాజ్యాంగంలో బ్యాంకు ఊసే లేదు. అధ్యక్షుడు వాషింగ్టన్ వెంటనే సంతకం చేయలేదు. అటార్నీ జనరల్ రాండాల్ఫ్‌ను, జెఫర్సన్‌ను అభిప్రాయం రాసి ఇమ్మన్నాడు. ఇద్దరూ చెల్లదన్నారు. ఆ కాగితాలను హామిల్టన్‌కు పంపి జవాబు రాయమన్నాడు. జెఫర్సన్ వాదన సూటిగా ఉంటుంది: అప్పగించిన అధికారాలు అమలు కావడానికి ఏది లేకపోతే కుదరదో దానికే చట్టం చేయాలి, సౌకర్యంగా ఉంటుందన్నంత మాత్రాన కుదరదు. ఆ గీత చెరిపేస్తే కాంగ్రెస్ చేయలేనిదంటూ ఏమీ మిగలదు. హామిల్టన్ జవాబు అంతకు ఎన్నో రెట్లు పొడవు: లక్ష్యం రాజ్యాంగంలో ఉంటే దానికి తోడ్పడే మార్గం ఎంచుకునే అధికారమూ ఉన్నట్టే, పన్నుల వసూలుకూ అప్పులు తేవడానికీ బ్యాంకు పనికొస్తుంది కాబట్టి చెల్లుతుంది. ఫిబ్రవరి 25న వాషింగ్టన్ సంతకం పెట్టాడు.

జెఫర్సన్ రాసినదాని చివర ఒక సంగతి ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. రెండు వైపుల వాదనలూ సమంగా తూగితే చట్టసభ నిర్ణయాన్నే గౌరవించమని అధ్యక్షుడికి తనే సలహా ఇచ్చాడు. గెలుపు ఒక్కటే కావాల్సినవాడు అలా రాస్తాడా?

బ్యాంకు విషయంలో అతను ఓడిపోయాడు. కానీ ఈ అధికారం ఎక్కడ రాసి ఉందని అడగడం, ప్రభుత్వం దానికి కాగితం మీద జవాబు చెప్పుకోవడం ఆనవాయితీ అయింది. లూసియానా దగ్గర ఆ ప్రశ్న అతన్నే పట్టుకుంది. రాజ్యాంగ సవరణకు ముసాయిదా రాసుకున్నాడు, నెపోలియన్ మనసు మార్చుకుంటాడేమోనని పక్కన పెట్టాడు. 1807 నిషేధాన్ని మాత్రం నేను సమర్థించను. ప్రత్యర్థులను దేనికి నిందించాడో ఆ పనే చేశాడు.

సివిల్స్ అభ్యర్థి:
పదో సవరణ ఉండగా ఇంత గొడవ ఎందుకండీ? మన రాజ్యాంగంలో 248వ అధికరణం ప్రకారం అవశిష్టాధికారాలు, అంటే ఏ జాబితాలోనూ రాయకుండా మిగిలిన అధికారాలు, పార్లమెంటువి. అక్కడ అవి రాష్ట్రాలకో ప్రజలకో మిగిలాయి. అంటే జెఫర్సన్ గెలిచినట్టే కదా?

తుంగభద్ర:
అంత సులువు కాదు. పాత ఒడంబడిక ప్రకారం స్పష్టంగా అప్పగించిన అధికారాలే కాంగ్రెస్‌వి. పదో సవరణలోనూ ఆ షరతు పెట్టాలని 1789లో కొందరు పట్టుబడితే ఆ సవరణలను సభలో పెట్టిన మాడిసన్ అడ్డుపడ్డాడు, ప్రతి అధికారాన్నీ విడమరచి రాయడం సాధ్యం కాదన్నాడు. ఆ మాడిసనే 1791లో బ్యాంకును వ్యతిరేకించాడు, 1816లో అధ్యక్షుడిగా రెండో బ్యాంకుకు సంతకం పెట్టాడు. ఆ రెండో బ్యాంకు చెల్లుతుందా అన్న 1819 నాటి మెకల్లక్ కేసులో ప్రధాన న్యాయమూర్తి మార్షల్ హామిల్టన్ వైపే తీర్పు చెప్పాడు.

దీపధారి:
ఇంతసేపూ బ్యాంకులు, సుంకాలే. మనుషుల మాట ఎవరూ ఎత్తలేదు. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించే చట్టాన్ని 1793లో కాంగ్రెస్ చేసింది. ప్రతినిధుల సభలో 48–7. అలాంటివారిని అప్పగించాలని రాజ్యాంగం నాలుగో అధికరణంలో ఉంది గానీ, అందుకు చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌దని అక్కడ రాసి లేదు. రెండేళ్ల కిందట బ్యాంకు దగ్గర ప్రతి అక్షరాన్నీ గాలించిన దక్షిణాది పెద్దలకు ఇక్కడ ఆ పట్టింపు లేకపోయింది. 1800లో జెఫర్సన్‌కు వచ్చిన 73 ఎలక్టోరల్ ఓట్లలోనూ, సీట్లు పంచే జనాభా లెక్కలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టడం వల్ల దక్షిణాదికి అదనంగా దక్కినవి ఉన్నాయి. ఆ బానిసలకు ఓటు లేదు. యజమాని ఆస్తి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలని ప్రశ్నను ఆనవాయితీ అంటే నేను ఒప్పుకోను.

చరిత్రపిపాసి:
దీపధారి గారు నాకన్నా గట్టి ఆధారం చూపించారు. ఫెడరలిస్టులను కూడా వదలకండి. 1798 రాజద్రోహ చట్టం కింద అధ్యక్షుడి మీదా కాంగ్రెస్ మీదా దురుద్దేశంతో అబద్ధాలు రాశారంటే జైలు. ఉపాధ్యక్షుడికి ఆ రక్షణ లేదు, అప్పుడు ఆ పదవిలో ఉన్నది జెఫర్సన్! చట్టం గడువు 1801 మార్చి 3, అప్పటి ఫెడరలిస్టు అధ్యక్షుడు ఆడమ్స్ పదవీకాలంతో సరి. వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్‌ను నాలుగు నెలలు జైల్లో పెట్టారు.

తుంగభద్ర:
లయన్ జైల్లో ఉండగానే వెర్మాంట్ ఓటర్లు అతన్ని మళ్లీ గెలిపించారు, అదీ చెప్పాలి.

దీపధారి గారూ, 1793 చట్టం విషయంలో దక్షిణాది నాయకులను నేను వెనకేసుకురాను. అయితే ఆ ప్రశ్న వారి సొత్తుగా మిగిలిపోలేదు. 1854లో మిల్వాకీలో జాషువా గ్లోవర్ అనే పారిపోయిన బానిసను జనం జైలు తలుపులు పగలగొట్టి విడిపించారు. అతను కెనడా చేరుకున్నాడు. విడిపించినవారిపై పెట్టిన కేసులో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు 1850 నాటి పలాయిత బానిసల చట్టం రాజ్యాంగ విరుద్ధమంది. 1859లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అప్పుడు విస్కాన్సిన్ శాసనసభ నిరసన తీర్మానం చేసింది. ఆ తీర్మానం నడక, కేంద్రం హద్దు మీరి చేసిన చట్టం చెల్లదంటూ 1798లో జెఫర్సన్ పేరు బయటపడకుండా రాసిచ్చిన కెంటకీ తీర్మానాలదే.

దీపధారి:
చేసింది, ఫలితం లేకపోయింది. బానిసత్వం పోయింది 1865లో, కేంద్ర సైన్యంతో, పదమూడో సవరణతో. ఆ సవరణ రెండో విభాగంలో, దీన్ని అమలు చేయడానికి చట్టాలు చేసే అధికారం కాంగ్రెస్‌కు ఉందని విడిగా రాశారు. 1793లో యజమానుల కోసం అలాంటి వాక్యం ఏదీ లేకుండానే పని జరిగిపోయింది. దీనికి మీ జవాబు ఏమిటో వినాలని ఉంది.