‘మందలించడం’ అంటే తిట్టడమా, పలకరించడమా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం, మాది గుంటూరు వైపు. మా ఇంట్లో మందలించడమంటే గొంతు పెంచకుండా తప్పు ఎత్తిచూపడం. చీవాట్లంత ఘాటు ఉండదు, కసురుకోవడంలోని చిరాకూ ఉండదు.

మొన్న పక్క ఫ్లాట్ కరీంనగర్ ఆంటీ, ‘ఊరికి పోయి మా పెద్దమ్మను మందలిచ్చి వచ్చిన’ అన్నారు. పెద్దావిడని మందలించడమేంటని బిత్తరపోయాను! వాళ్ల దగ్గర పలకరించి యోగక్షేమాలు అడగడమట.

నెల్లూరు వాళ్లు సంగతేంటని అడగడానికి ‘ఏంది మందల?’ అంటారు కదా, ఇదీ అదేనా? తిట్టే అర్థం కూడా అక్కణ్నుంచే వచ్చిందా? ఇంకోటి, ‘కొడుకు తండ్రిని మందలించాడు’ అని రాయొచ్చా? నాకైతే ఎబ్బెట్టుగా ఉంది. మా పాపకి తెలుగు నేర్పుతున్నా, అడిగితే చెప్పాలి. మీ వైపు ఎలా వాడతారో జిల్లా పేరుతో సహా చెప్పండి.