జ్వరం తగ్గిన మూడు నెలలకు జుట్టు రాలుతోంది: ఐరన్ మాత్రలు ఆపాలా?

గుణుపురం కోడలు:
ఆగస్టులో మా పాపకు మలేరియా వచ్చి తగ్గింది. రక్తం తక్కువుందని నవంబరులో డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. వేసుకుని పది రోజులైందో లేదో, దువ్వెన నిండా జుట్టే. మాత్రల వల్లే, ఆపెయ్యమంటున్నారు మా అత్తగారు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందట. నాకు ఒకటే టెన్షన్.

రాయగడ వాసి:
ముందు మాత్రలు ఆపండమ్మా. రక్తం పలుచబడే మందు వాడాకే మా అన్నయ్యకు జుట్టు ఊడింది.

పర్లాకిమిడి అక్క:
మీ అన్నయ్యగారి విషయం నిజమే కావచ్చు. ఆ మందులు, ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్, కొన్ని బీపీ మాత్రలు జుట్టు రాలుస్తాయి. ఐరన్ అలాంటిది కాదండీ. అసలు ఒంట్లో ఐరన్ తగ్గినా జుట్టు రాలవచ్చు.

నెలలు లెక్కపెట్టు చెల్లీ. మామూలుగా నూటికి 85–90 వెంట్రుకలు పెరుగుతూ ఉంటాయి. గట్టి జ్వరం తగిలితే వాటిలో చాలా వెంట్రుకలు ఒక్కసారే పెరగడం మానేస్తాయి. అప్పుడే ఊడవు. రెండు మూడు నెలలు కుదుట్లోనే ఉండి తర్వాత రాలతాయి. డాక్టర్లు దీన్నే టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. ఆగస్టు జ్వరం నవంబరులో బయటపడింది, అంతే.

కాన్పయ్యాక నాలుగో నెలలో నా జడ సగమైంది. ఊడిన వెంట్రుకను కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే చివర గసగసాల గింజకన్నా చిన్న తెల్ల బుడిపె. వేరుతో సహా వచ్చేసిందని ఏడ్చాను. అది వేరు కాదు, కుదురు లోపలే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. కొన్నాళ్లకు నుదుటి మీద పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని వచ్చాయి.

కత్తి కుదురుదాకా పోదు, కాబట్టి గుండుతో ఒత్తు రాదు. మొక్కుంటే సింహాచలంలో తలనీలాలు ఇవ్వండి. ఒత్తు కోసమైతే బడికెళ్లే పిల్లను ఏడిపించకండి.

రాయగడ వాసి:
ఐరన్ సంగతి ఒప్పుకుంటాను. నిజంగా మందే కారణమైతే మాత్రం ఆపాల్సిందే కదా?

పర్లాకిమిడి అక్క:
సొంతంగా వద్దు. ఫిట్స్ మందో రక్తం పలుచబడే మందో చటుక్కున ఆపితే ప్రాణం మీదికొస్తుంది. రాసిన డాక్టరునే అడగండి, వీలుంటే మారుస్తారు. చెల్లీ, రూపాయి బిళ్లంత ఖాళీలు కనబడినా, ఆరు నెలలు దాటాక కూడా రాలుతున్నా డాక్టరుకు చూపించు. థైరాయిడ్ కూడా పరీక్ష చేయించాలి.

గుణుపురం కోడలు:
ఇప్పుడే చూశానక్కా, తెల్ల బుడిపె ఉంది. మాత్ర వేశాను. గుండు మాట అత్తగారితో రేపు మాట్లాడతాను.